డిసెంబరు 4 కాగితం చెప్పిందీ చెప్పనిదీ: ‘చరిత్రలో ఈ రోజు’ గోడ క్యాలెండర్‌పై సమీక్ష

ప్రతి తేదీకీ ఒక కాగితం కేటాయించి, ఆ తేదీన గతంలో జరిగిన సంఘటనలనూ, పుట్టిన, మరణించిన ప్రముఖులనూ, ఒకటి రెండు ఆసక్తికరమైన విశేషాలనూ అచ్చువేసే గోడ క్యాలెండర్లు విశాఖపట్నం దుకాణాల్లో ఇప్పుడు రెండు మూడు రకాలు దొరుకుతున్నాయి. వాటిలో ఒకదాన్ని ఏడాది పొడవునా ఇంట్లోనూ, నేను సాంఘికశాస్త్రం బోధించే ఉన్నత పాఠశాలలోనూ వాడి చూశాను. ప్రచురణకర్తల పేరు ఇక్కడ రాయడం లేదు. నేను ఎత్తిచూపబోయే గుణదోషాలు ఈ తరహా క్యాలెండర్లన్నిటిలోనూ కొద్ది తేడాలతో కనిపించేవే కాబట్టి, ఒక్కరి పేరు చెప్పి వేలెత్తి చూపడం న్యాయం కాదు. ధర 350 రూపాయలు. రోజువారీ వాడకానికి పనికొచ్చే తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అన్నీ పైభాగంలో ఉంటాయి. మధ్యలో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక కింద నాలుగైదు సంఘటనలు, వాటి కింద జననాలు, మరణాలు, అడుగున గీతల పెట్టెలో ‘మీకు తెలుసా?’ అనే చిన్న విశేషం ఉంటాయి.

ఇలాంటి వస్తువును తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం. ఉదయం ప్రార్థన సమయంలో ‘నేటి విశేషం’ చదివే పిల్లలకు ఆధారం ఈ కాగితమే. పాఠ్యపుస్తకంలోని వాక్యాన్ని ఉపాధ్యాయుడు వివరిస్తాడు, అవసరమైతే సరిదిద్దుతాడు. క్యాలెండర్ కాగితం మీది వాక్యాన్ని మాత్రం మూడువందలమంది పిల్లలు మైకులో విని, అదే నిజమనుకుని ఇంటికి వెళ్లిపోతారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు కూడా వీటిని చింపి పుస్తకాల్లో దాచుకుంటున్నారు. కాబట్టి అచ్చయిన ప్రతి తేదీకీ ప్రచురణకర్త బాధ్యత వహించాలి.

ముందు వస్తువు సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. కాగితం బాగుంది. వెనక అచ్చు ముందుకు కనిపించనంత మందంగా ఉంది. అక్షరాలు పెద్దవి, ఒత్తులు విడిపోకుండా స్పష్టంగా పడ్డాయి. తేదీ అంకె గది అవతలి నుంచి కూడా కనిపిస్తుంది. లోపం పైనున్న రేకు పట్టీది. సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో ఉప్పుగాలికి ఏ ఇనుమూ నిలవదు. మా ఇంట్లో వానాకాలం వచ్చేసరికి పట్టీ అంచున తుప్పు మొదలై, మరక కాగితాల పైఅంచుకు పాకింది. చింపేటప్పుడు అక్కడే అడ్డంగా చిరిగి, తిథి వరస సగం పట్టీలోనే ఉండిపోయేది. పాఠశాల సముద్రానికి దూరంగా ఉంది కాబట్టి అక్కడి ప్రతికి ఈ ఇబ్బంది రాలేదు. విశాఖ, భీమిలి, కాకినాడ వంటి ఊళ్లలో అమ్మదలచుకున్నవారు రేకుకు బదులు జిగురు అతుకో, ప్లాస్టిక్ పట్టీయో వాడితే బాగుంటుంది.

సూర్యోదయ సమయం ఇంకో లోపం. డిసెంబరు 4 కాగితం మీద సూర్యోదయం ఆరున్నర దాటినట్టు ఉంది. అది హైదరాబాదుకు సరిపోయే లెక్క. మన ఊరు అక్కడికి తూర్పున దాదాపు అయిదు డిగ్రీల రేఖాంశం దూరంలో ఉంది కాబట్టి ఆ రోజుల్లో ఇక్కడ ఆరుంబావుకే సూర్యుడు పైకి వస్తాడు. ఇరవై నిమిషాల తేడా సామాన్యంగా పట్టించుకోదగ్గది కాకపోయినా, సూర్యోదయ వేళకు ఏ తిథి ఉందన్నదే ఆ రోజు తిథిని నిర్ణయిస్తుంది కాబట్టి పంచాంగం చూసుకునేవాళ్లకు అది ముఖ్యమే. ఏ ఊరి లెక్క ప్రకారం వేశారో ఒక మూల చిన్న అక్షరాల్లో రాస్తే సరిపోయేది.

ఇక చరిత్ర భాగం. మూడువందల అరవై అయిదు కాగితాలనూ ఒక సమీక్షలో తూచలేం. అందుకని విశాఖవాసులందరికీ బాగా తెలిసిన ఒక్క తేదీని, డిసెంబరు 4ను, గీటురాయిగా తీసుకున్నాను. బీచ్ రోడ్డు మీద 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం, దానికి చేరువలో 2002 నుంచి మ్యూజియంగా నిలబడి ఉన్న కురుసుర జలాంతర్గామి, నౌకాదళ దినోత్సవం పేరిట నౌకాదళం చేసే విన్యాసాలు చూడటానికి రామకృష్ణా బీచ్‌లో ఇసుక కనిపించకుండా చేరే జనం, ఇవన్నీ ఉన్న ఊళ్లో ఈ ఒక్క కాగితం తప్పులేకుండా ఉండాలి కదా అన్నది నా ఆశ.

ఆ కాగితం మీద మొదటి వాక్యం ఇలా ఉంది: ‘1971లో ఇదే రోజున విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచివేసినందుకు గుర్తుగా భారత నౌకాదళ దినోత్సవం జరుపుకుంటారు.’ విశాఖలో చాలామంది నమ్మేదీ ఇదే. ఈ ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు సంఘటనలు కలిసిపోయాయి, ఇప్పటికీ వివాదంలో ఉన్న ఒక విషయం తేలిపోయినట్టు కనిపిస్తోంది, దినోత్సవానికి అసలు కారణమైన సంఘటన పూర్తిగా కనుమరుగైంది.

నౌకాదళ దినోత్సవం డిసెంబరు 4న జరగడానికి కారణం విశాఖ తీరం కాదు, కరాచీ రేవు. 1971 డిసెంబరు 4 రాత్రి ‘ఆపరేషన్ ట్రైడెంట్’ పేరుతో నిపత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు, వాటికి తోడుగా కిల్తాన్, కచ్చల్ అనే రెండు నౌకలు కరాచీ మీదికి వెళ్లాయి. దళాన్ని నడిపినది కమాండర్ బబ్రూభాన్ యాదవ్. రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో నిర్ఘాత్ వదిలిన క్షిపణులకు ఖైబర్ అనే పాకిస్తాన్ డిస్ట్రాయర్ (పెద్ద యుద్ధనౌక) మునిగింది. వీర్ చేతిలో సముద్రంలోని మందుపాతరలను ఏరివేసే ముహాఫిజ్ అనే మైన్‌స్వీపర్ పోయింది. వీనస్ చాలెంజర్ అనే సరుకు ఓడ మునిగింది. కరాచీ రేవులోని చమురు ట్యాంకులు తగలబడ్డాయి. మన వైపు ఒక్క పడవకూ నష్టం కలగలేదు. ఇవి రష్యా తయారీ పడవలు. రేవుల కాపలాకు ఉద్దేశించిన, ఎక్కువ దూరం పోలేని పడవలను పెద్ద ఓడలతో లాక్కెళ్లి శత్రువు రేవు ముంగిట వదలడం ఆ పథకంలోని తెలివి. భారత నౌకాదళ దినోత్సవాన్ని మొదట 1944లో అక్టోబరు 21న జరిపారు. ఆ తర్వాత తేదీలు మారుతూ వచ్చి, 1971 యుద్ధం ముగిశాక కరాచీ దాడి జరిగిన డిసెంబరు 4కు స్థిరపడింది. ఇంత చరిత్ర ఉన్న దినోత్సవం గురించి చెప్పే కాగితం మీద కరాచీ అన్న మాటే లేకపోవడం నన్ను బాధపెట్టింది.

మరి ఘాజీ? ఘాజీ మునగడం కూడా అదే తేదీన, కాకపోతే తేదీ మొదలైన తొలి నిమిషాల్లో. అమెరికా నౌకాదళంలో డయాబ్లో పేరుతో ఉండి తర్వాత పాకిస్తాన్ చేతికి వచ్చిన ఈ జలాంతర్గామి, విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరి, ఉపఖండాన్ని చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేశారు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్, పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ను ముందుపెట్టి, పెద్ద నౌకకు సరిపడా సరుకులకు ఆర్డర్లు పెట్టించి, వైర్‌లెస్ సందేశాలు గుప్పించి, విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందన్న భ్రమ కల్పించారు. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ సరిహద్దు విమానాశ్రయాల మీద దాడి చేశాయి. ఆ రాత్రి రాజ్‌పుత్ విశాఖ రేవు నుంచి బయటికి వస్తూ అనుమానం వచ్చిన చోట డెప్త్ చార్జీలు (నీటి లోతున పేలే బాంబులు) వదిలింది. అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు తీరంలోని ఇళ్ల కిటికీ అద్దాలు అదిరేంత పేలుడు వినిపించింది. తర్వాత జాలర్లకు సముద్రంలో ఘాజీ శకలాలు దొరికాయి. అందులో ఉన్న తొంభైమందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు.

రాజ్‌పుత్ డెప్త్ చార్జీల వల్లే ఘాజీ మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడు వల్లనో, తాను పరిచిన మందుపాతర తనకే తగలడం వల్లనో మునిగిందని పాకిస్తాన్ చెబుతుంది. ఆ రాత్రి రాజ్‌పుత్ అక్కడ ఉందనీ, డెప్త్ చార్జీలు వదిలిందనీ, ఘాజీ రేవు ముంగిటే మునిగిందనీ ఎవరూ కాదనరు. కారణం దగ్గరే రెండు కథనాలున్నాయి. ‘రాజ్‌పుత్ డెప్త్ చార్జీల దాడిలో మునిగిందని భారత నౌకాదళం పేర్కొంది’ అని రాస్తే సరిపోయేది. అచ్చుకు నాలుగు అక్షరాలు ఎక్కువ పడతాయేమో గాని, నిజం చెక్కుచెదరకుండా ఉంటుంది. మన ఊరి గౌరవమూ తగ్గదు. విక్రాంత్‌ను దాచి, శత్రువును ఇక్కడికి రప్పించిన తెలివి మనదే కదా.

ఈ కాగితం రెండు సంఘటనలనూ కలిపేయకుండా ఉంటే పిల్లలకు ఎంత చక్కని విషయం అందేదో ఆలోచించండి. ఒకే తేదీకి రెండు చివరలు: మొదటి గంటలో విశాఖ ముంగిట ఘాజీ, చివరి గంటల్లో కరాచీ ముంగిట ఖైబర్. ఈ రెంటికీ నడుమ, ఘాజీ ఎవరిని వెతుకుతూ వచ్చిందో ఆ విక్రాంత్ మీది సీహాక్ విమానాలు అదే రోజు పగటిపూట అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్‌బజార్ మీద దాడి మొదలుపెట్టాయి. ఇరవైనాలుగు గంటల్లో రెండు సముద్రాల మీద జరిగిన ఈ మూడు సంఘటనలను వరసలో పెట్టి చెప్పడానికి ఆ కాగితం మీద చోటు ఉంది. ఆ చోట్లో ఒక విదేశీ చిరుతిళ్ల కంపెనీ తొలి దుకాణం తెరిచిన సంగతి వేశారు.

ఘాజీ సంగతి పాఠశాలలో చదివించిన రోజున తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, ‘సార్, మా తాతగారు మూడో తారీఖు రాత్రి అంటారు, కాగితంలో నాలుగు అని ఉంది, ఏది రాసుకోవాలి?’ అని అడిగింది. రెండూ సరైనవేనని చెప్పాను. గడియారం ప్రకారం అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే శనివారం, డిసెంబరు 4 వచ్చేసింది. మన పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి ఆ పేలుడు వినిపించినప్పుడు ఇంకా శుక్రవారమే నడుస్తోంది. పైభాగంలో పంచాంగమూ, కిందిభాగంలో ఇంగ్లీషు తేదీల చరిత్రా ఒకే కాగితం మీద వేసే క్యాలెండర్‌కు ఈ సందేహాన్ని తీర్చే అవకాశం మరెవరికీ లేనంతగా ఉంది. ‘మీకు తెలుసా?’ పెట్టెలో ఇది వేసి ఉంటే నేను ఈ ప్రచురణకర్తలకు నమస్కారం పెట్టేవాణ్ని.

తేదీల అంచుల విషయంలో ఇదే అజాగ్రత్త ఆ కాగితం మీద మరోచోట కూడా ఉంది. అంతరిక్ష సంఘటనలు మూడు వేశారు: 1965లో ఫ్రాంక్ బోర్మన్, జిమ్ లోవెల్‌లతో జెమిని 7 బయలుదేరడం, 1996లో మార్స్ పాత్‌ఫైండర్ ప్రయోగం, 1998లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నిర్మాణానికి ఎండీవర్ నౌక మొదటి అమెరికా భాగాన్ని తీసుకెళ్లడం. ఎంపిక బాగుంది. అయితే జెమిని 7 ఫ్లోరిడాలో డిసెంబరు 4 మధ్యాహ్నం రెండున్నరకు లేచినప్పుడు విశాఖలో డిసెంబరు 5 తెల్లవారుజామున ఒంటిగంట. మిగతా రెండు ప్రయోగాలూ మన లెక్కలోనూ డిసెంబరు 4నే జరిగాయి. సంఘటన జరిగిన చోటి తేదీనే ఇవ్వడం సరైన పద్ధతే, అందరూ చేసేది అదే. ఆ సంగతి క్యాలెండర్ మొదటి పేజీలో ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే, జులై 20 కాగితం మీద చంద్రుడి మీద మనిషి దిగిన వార్త చూసి, ‘మా నాన్నగారు 21న రేడియోలో విన్నారే’ అని ఏ పెద్దాయనా అయోమయపడాల్సిన పని ఉండదు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలనిపిస్తోంది. డిసెంబరు 4న బయలుదేరిన ఆ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది 1997 జులై 4న. పాండ్రంగిలో అల్లూరి సీతారామరాజు పుట్టింది 1897 జులై 4న. సరిగ్గా నూరేళ్లు. ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు గాని, పిల్లలు మరిచిపోకుండా గుర్తుపెట్టుకునేది ఇలాంటి కలయికలనే. జులై 4 కాగితం మీద అల్లూరి జయంతిని పెద్ద అక్షరాల్లో వేశారు, మెచ్చుకోవలసిందే. పాత్‌ఫైండర్ మాత్రం అక్కడ లేదు.

సతీ సహగమనం సంగతి కూడా డిసెంబరు 4దే. గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ 1829లో ఆ రోజున నిషేధ చట్టం తెచ్చాడు. కాగితం మీద ‘దేశమంతటా సతీ సహగమనం నిషేధం’ అని ఉంది. అది బెంగాల్ ప్రెసిడెన్సీకి వర్తించే చట్టం. మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలలో 1830లో విడిగా చట్టాలు వచ్చాయి. విశాఖపట్నం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. అంటే 1829 డిసెంబరు 4న కలకత్తాలో సంతకం పడ్డ చట్టం మన జిల్లాలో అప్పటికి అమల్లో లేదు. పరీక్షల్లో అడిగేది తేదీ ఒక్కటే కావచ్చు, కానీ ఇక్కడి పాఠకుడికి ముఖ్యమైన సంగతి ఆ ‘దేశమంతటా’ అన్న మాట వెనకే దాగిపోయింది.

జననాల్లో నలుగురున్నారు: రాష్ట్రపతిగా పనిచేసిన ఆర్. వెంకట్రామన్, ప్రధానమంత్రిగా పనిచేసిన ఐ.కె. గుజ్రాల్, క్రికెటర్ అజిత్ అగార్కర్, ఘంటసాల వెంకటేశ్వరరావు. మరణాల్లో 2021లో కన్నుమూసిన మాజీ ముఖ్యమంత్రి కొణిజేటి రోశయ్య, హిందీ నటుడు శశికపూర్ ఉన్నారు. పేర్లు, సంవత్సరాలు సరిగ్గానే ఉన్నాయి. నా అసంతృప్తి ఘంటసాల గురించి. ‘1922 – గాయకుడు, సంగీత దర్శకుడు’ అని వేసి వదిలేశారు. కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన ఆ కుర్రవాడు సంగీతం నేర్చుకోవడానికి వచ్చింది మన పక్కనున్న విజయనగరానికి. మహారాజా సంగీత కళాశాలలో చదువుకుంటూ, ఇంటింటికీ వెళ్లి మాధుకరం తెచ్చుకుని కడుపు నింపుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకు గురువు. 1942 ఉద్యమంలో జైలుకు కూడా వెళ్లాడు. ఉత్తరాంధ్రలో అమ్ముడయ్యే తెలుగు క్యాలెండర్‌లో ఘంటసాల పుట్టినరోజు కాగితం మీద విజయనగరం పేరు లేకపోవడం సరైన ఎంపిక కాదు. నిజానికి ఆ రోజు పాఠశాలలో పిల్లలకు యుద్ధం కథ కన్నా ఆ మాధుకరం కథే ఎక్కువ నచ్చింది.

ఆ రోజు ‘మీకు తెలుసా?’ పెట్టెలో మేరీ సెలెస్ట్ ఓడ కథ వేశారు. 1872 డిసెంబరు 4న అట్లాంటిక్‌లో అజోర్స్ దీవులకూ పోర్చుగల్‌కూ నడుమ, మనుషులు ఒక్కరూ లేకుండా తెరచాపలతో తేలుతూ పోతున్న ఓడను డీ గ్రాషియా అనే మరో ఓడవాళ్లు చూశారు. కెప్టెన్, ఆయన భార్య, వాళ్ల చిన్న కూతురు, ఏడుగురు సిబ్బంది ఏమైపోయారో ఈనాటికీ తెలియదు. బాగా రాశారు. అయితే ఈ తేదీ వెనకా ఒక రహస్యం ఉంది. ఆ కాలపు ఓడల్లో రోజు మధ్యాహ్నంతో మొదలయ్యేది. కనిపించినది మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో కాబట్టి, నేలమీది లెక్కలో డిసెంబరు 4 అయితే ఓడ పుస్తకంలో అది డిసెంబరు 5. అర్ధరాత్రితో మొదలయ్యే రోజు, సూర్యోదయంతో మొదలయ్యే రోజు, మధ్యాహ్నంతో మొదలయ్యే రోజు, మూడు లెక్కలూ ఒక్క డిసెంబరు 4 కాగితం మీద ఎదురుపడుతున్నాయి. రేవు పట్నంలో చదువుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

మిగతా ఏడాదిలో విశాఖ పాలు ఎంత అన్నది తర్వాత చూశాను. 1948 మార్చి 14న ఇక్కడి షిప్‌యార్డులో కట్టిన ‘జల ఉష’ను నెహ్రూ నీటిలోకి వదిలిన సంగతి ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి ఉంది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను ఉంది. మన రేవుకు 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే తొలి ఓడ రావడం మాత్రం లేదు. నవంబరు 1 కాగితం 1956 నాటి రాష్ట్రావతరణతో ఆగిపోయింది. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని నినదించిన ఉద్యమంలో 1966లో అదే తేదీన ఇక్కడ పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో ఆ మాట లేకపోతే ఎలా? మే 7 కాగితం మీద రవీంద్రుడి జయంతి ఉంది, 1924లో అల్లూరిని కాల్చిచంపడం ఉంది, 2020లో ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి లీకై జనం ప్రాణాలు కోల్పోయిన సంగతి లేదు. ఇటీవలి విషాదాలను చేర్చడానికి ప్రచురణకర్తలు సంకోచించారేమో. హుద్‌హుద్‌ను చేర్చినవారు దీన్ని వదిలేయాల్సిన కారణం నాకు కనిపించలేదు.

ఇంత విమర్శించినా, ఈ క్యాలెండర్ కొనవద్దని నేను చెప్పను. ఇలాంటి ఇతర క్యాలెండర్లలో ఎక్కువ వాక్యాలు యంత్రానువాదం చదివినట్టు తగులుతాయి. ఇది తెలుగులో ఆలోచించి రాసిన క్యాలెండర్. డిసెంబరు 9 కాగితం మీద డయ్యూ సమీపంలో ఖుక్రీ నౌక మునిగిన సంగతిని, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికుల ప్రాణత్యాగాన్ని, ఎక్కడా అతిశయోక్తి లేకుండా నాలుగు వాక్యాల్లో రాశారు. మన నష్టాన్ని ఇంత నిబ్బరంగా, గౌరవంగా రాయగలిగినవారే డిసెంబరు 4ను అలా రాశారంటే నమ్మబుద్ధి కాలేదు. ఏప్రిల్ 23 కాగితం ఇంకా మెరుగు. షేక్‌స్పియర్, సెర్వాంటిస్ 1616లో ఒకే రోజు మరణించారని అందరూ రాసేస్తుంటే, ఇంగ్లండు అప్పటికి పాత జూలియన్ క్యాలెండర్‌నే వాడుతోంది కాబట్టి ఆ రెండు తేదీల మధ్య నిజానికి పది రోజుల ఎడం ఉందని వీరు వివరించారు. ఇంగ్లండు 1752లో సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14కు దూకి, అప్పటికి పదకొండు రోజులకు పెరిగిన ఆ తేడాను సరిచేసుకున్న సంగతి సెప్టెంబరు కాగితాల్లో ఉంది. ఇంత శ్రద్ధ ఉన్నచోట ఇంకొంచెం శ్రద్ధ కోరడం అత్యాశ కాదు.

పైన చెప్పిన సవరణలను ఆగస్టులో ప్రచురణకర్తలకు ఉత్తరంగా రాసి పంపాను. మర్యాదగా సమాధానం ఇచ్చారు. వచ్చే ఏడాది ప్రతి ఇప్పుడు దుకాణాల్లోకి వచ్చింది. పూర్ణా మార్కెట్ వైపు నేను ఎప్పుడూ కొనే దుకాణాయన, ‘మాస్టారూ, ఈసారి రేకు తీసేశారండి, జిగురు పెట్టారు’ అంటూ తీసి చూపించారు. వెంటనే డిసెంబరు 4 తిప్పి చూశాను. నౌకాదళ దినోత్సవం పక్కన ఆపరేషన్ ట్రైడెంట్, కరాచీ పేర్లు చేరాయి. ఘాజీ విడిగా రెండో వాక్యమైంది, ‘భారత నౌకాదళం పేర్కొంది’ అన్న మాటతో. ఘంటసాల పక్కన విజయనగరం వచ్చింది. సతీ నిషేధం దగ్గర ‘దేశమంతటా’ అలాగే ఉంది. సూర్యోదయం కూడా హైదరాబాదు లెక్కలోనే ఉంది. పాఠశాలలకు కొనేవారు ఆ రెండు చోట్లా పెన్సిలుతో సరిచేసుకుని గోడకు తగిలించవచ్చు. ధర మారలేదు. డిసెంబరు నెలాఖరుకల్లా నిల్వ అయిపోతుందని, కావలసినవాళ్లు ముందే చెప్పి ఉంచుకోవాలని దుకాణాయన అంటున్నారు.